తన్నులు తిన్నోడి నవ్వు

దళితుడు తన బతుకు రాసుకుంటే అందులో ఏడుపే ఉంటుందని చదివేవాళ్లు ముందే అనుకుంటారు. ఆకలి, అవమానం, వెట్టి, వెలి. అవి లేవని నేననను. బతుకులో ఉన్నాయి కాబట్టి రాతలో ఉంటాయి. కానీ మా గూడెంలో నవ్వు కూడా ఉండేది. పగలంతా కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట వేపచెట్టు కింద చేరి ఆసామి ఎట్లా నడుస్తాడో, ఆసామి భార్య ఎట్లా ముక్కు మూసుకుని కూలి డబ్బులు పైనుంచి పడేస్తుందో చేసి చూపిస్తుంటే పొట్టలు చెక్కలయ్యేవి. ఆ నవ్వు గురించి మనం తక్కువ రాశాం. ఉద్యమంలో ఉన్నోడు నవ్వితే పలచనైపోతాడని మనలోనే ఒక భయం ఉంది.

ఆ మధ్య ఒక సభ అయ్యాక యూనివర్సిటీ పిల్లలు కొందరు నన్ను చుట్టుముట్టి, నీకు ఇష్టమైన సినిమా ఏంటన్నా అని అడిగారు. ఏదో గంభీరమైన పేరు చెబుతానని వాళ్ల ఆశ. 'షావొలిన్ సాకర్' అన్నాను. కొందరు నవ్వారు. ఒక తమ్ముడు మాత్రం చిన్నబుచ్చుకుని, "అదేందన్నా, కోతి వేషాల సినిమా" అన్నాడు. ఆ కోతి వేషాలు నాకెందుకు ఇష్టమో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగ గూడెం. 1980లలో మా పక్క టౌను థియేటర్లో ఆదివారం పొద్దున ఆటకి 'ఇంగ్లీషు సినిమా' వేసేవాళ్లు. తెర మీద ఉండేది చైనావాళ్లే అయినా మాకది ఇంగ్లీషు సినిమానే. ఇంకో పేరు కరాటే సినిమా. నేల టికెట్టు కొనుక్కుని ముందు కూర్చునేవాళ్లం. మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కావాల్సిన అవసరమూ ఉండేది కాదు. తెలుగు సినిమాలో హీరో నోరు తెరిస్తే వంశం గురించో, రక్తం గురించో, పౌరుషం గురించో చెప్పేవాడు. ఆ వంశాల లెక్కలో మేం ఎక్కడా లేం. ఈ సినిమాల్లో నోటికి పనిలేదు, ఒళ్లే మాట్లాడేది. ఒంటి భాష మాకు పుట్టుకతో వచ్చు. బరువెత్తే ఒళ్లు, వంగే ఒళ్లు, దెబ్బలు కాసే ఒళ్లు.

బ్రూస్ లీ అంటే అందరికీ పిచ్చి. 'ఎంటర్ ద డ్రాగన్' 1973లో వచ్చింది, ఆ సంవత్సరమే జులై 20న ఆయన చనిపోయాడు. మేం చూసేనాటికి ఆయన పోయి పదేళ్లు దాటినా మంగలి షాపు గోడ మీద ఆయన బొమ్మే. బ్రూస్ లీ కోపం నాకు నచ్చేది. కానీ ఆయన దెబ్బ తినడు. తిన్నా ఒకటో రెండో. ఆయన్ని చూస్తే గుండె పొంగేది గానీ ఆయనలో నేను కనపడేవాడిని కాదు.

నేను కనపడింది జాకీ చాన్‌లో. ఆ రోజు చూసిన సినిమా పేరు 'స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో' అని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. 1978లో వచ్చింది, తీసింది యువెన్ వో-పింగ్. అందులో జాకీ చాన్ దిక్కులేని కుర్రాడు. ఒక కుంగ్‌ఫూ బడిలో నేల తుడుస్తాడు. పంతుళ్లకి కొట్టడం ప్రాక్టీసు కావాలంటే వాడినే నిలబెట్టి కొడతారు. బడిలోనే ఉంటాడు గానీ వాడికి చదువు లేదు. గుడ్డ పట్టుకుని నేల మీద పాకుతూ ఇటు తన్నితే అటు, అటు తన్నితే ఇటు దొర్లుతాడు. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు ఒళ్లు జలదరించింది. వాడు నాకు తెలుసు. మా గూడెంలో ప్రతి ఇంట్లోనూ వాడు ఉన్నాడు.

తర్వాత ఒక బిచ్చగాడిలాంటి ముసలాయన వస్తాడు. ఆ వేషం వేసింది దర్శకుడి తండ్రే, యువెన్ సియు-తిన్. ఆయన ఆ కుర్రాడి కోసం నేల మీద అడుగుల గుర్తులు గీసి పెడతాడు. కుర్రాడు వాటి మీద కాళ్లు పెట్టి విద్య నేర్చుకుంటాడు. ఎవడు నేల తుడుస్తాడో వాడికే ఆ నేల పాఠం చెబుతుంది. అంబేద్కర్ రాసిన 'కులనిర్మూలన' నేను ఇంటర్‌లో చదివాను. పీష్వాల పూణేలో అంటరానివాడు నడుముకి చీపురు కట్టుకుని, తన అడుగు పడిన దుమ్మును తానే ఊడ్చుకుంటూ పోవాల్సి వచ్చేదని అందులో ఉంది. అది చదివిన రోజున నాకు గుర్తొచ్చింది ఆ ముసలాయన గీసిన అడుగులే. ఒకచోట అడుగులు గీసి విద్య నేర్పారు. ఇంకోచోట అడుగు మిగలనిస్తే నేరమన్నారు.

జాకీ చాన్ గొప్పింటి బిడ్డ కాదు. తండ్రి హాంకాంగ్‌లో ఫ్రెంచి కాన్సుల్ ఇంట్లో వంటవాడు, తల్లి అదే ఇంట్లో పనిమనిషి. చిన్నతనంలోనే పీకింగ్ ఒపేరా నేర్పే బడిలో పడేశారు. అక్కడ తెల్లవారకముందు నుంచి సాధన, తప్పు చేస్తే బెత్తం. పిల్లిమొగ్గలు, కర్రసాము, పాట, వేషం అన్నీ అట్లా ఒంటికి ఎక్కినవే. ఆయన సినిమాల చివర్లో షూటింగులో తగిలిన దెబ్బలు చూపిస్తారు. 1982లో వచ్చిన 'డ్రాగన్ లార్డ్' నుంచి ఆ అలవాటు ఉంది. ఈకల బంతిని కాళ్లతో తన్ని ఆడే ఆట కూడా ఆ సినిమాలో ఉంది. కుంగ్‌ఫూనీ ఆటల పోటీనీ కలిపి నవ్వించడం అప్పటికే వాళ్లకు తెలుసన్నమాట. సినిమా అయిపోయిందని లేచిన జనం ఆ దెబ్బలు చూసి మళ్లీ కూర్చునేవాళ్లు. నవ్వు ఊరికే రాలేదు, దాని వెనక ఒకడి నడుము విరిగింది అని తెలిసేది. మా వాళ్లకి ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆట అన్నాను కాబట్టి మా ఊరి ఆట గురించి చెప్పాలి. కబడ్డీ. మా వైపు చెడుగుడు అంటాం. ఈ ఆటకి తాకుడే ప్రాణం. కూతపెట్టి వెళ్లినోడు తాకితే అవుటు, అవతలోళ్లు వాడిని పట్టుకుని ఆపితే వాడు అవుటు. తాకకుండా ఆడే కబడ్డీ లేదు. అట్లాంటి ఆటని అంటరానితనం ఉన్న ఊళ్లో ఆడటమే పెద్ద తమాషా. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా క్లాసుల మధ్య పోటీ పెట్టారు. మా క్లాసు జట్టులో ఒకడు తక్కువైతే నన్ను దింపారు. కూత ఎత్తుకుని గీత దాటాను. అవతల ఏడుగురు, అందరూ ఊళ్లో పిల్లలే. నేను ఒక అడుగు ముందుకేస్తే వాళ్లు రెండడుగులు వెనక్కేశారు. ఇంకో అడుగేశాను. ఒకడి మీద ఒకడు పడుతూ వెనక్కి పోయారు. ముగ్గురు చివరి గీత దాటేశారు. గీత దాటితే అవుటే కదా. నేను ఒక్కడినీ ముట్టుకోలేదు, మాకు మూడు పాయింట్లు. చుట్టూ నిలబడ్డ జనం మొదట నన్ను చూసి నవ్వారు. తర్వాత ఒకడి మీద ఒకడు పడ్డ తమ పిల్లల్ని చూసి నవ్వు మింగేశారు. వాళ్లు నా బలానికి జడిసి వెనక్కి పోలేదని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

మర్నాడు డ్రిల్లు మాస్టారు పిలిచి, "నువ్వుంటే ఆట సాగదురా అబ్బాయ్" అని జట్టులోంచి తీసేశాడు. ఆట చెడగొట్టింది గీత దాటినోళ్లు. బయటికి పోయింది నేను. ఇంటికొచ్చి చెబితే మా నాయన ఏమీ అనలేదు. మా అమ్మ మాత్రం లేచి, ఆ ఏడుగురూ ఎట్లా వెనక్కి నడిచారో అట్లా నడిచి చూపించింది. చీర కుచ్చెళ్లు తొక్కుకుని చాప మీద పడింది. మా నాయన కూడా నవ్వాడు. ఆ రాత్రి గూడెం మొత్తానికి ఆ కబడ్డీ మళ్లీ ఆడి చూపించాం. జట్టులోకి నన్ను తిరిగి తీసుకోలేదు. అయినా ఆ నవ్వు లేకపోతే నేను మర్నాడు బడికి పోయేవాణ్ణి కాదు. నవ్వు న్యాయం చేయదు. న్యాయం దొరికేదాకా మనిషిని నిలబెడుతుంది.

నా అనుభవం చిన్నది. ఇదే అనుభవం పెద్ద మైదానంలో పల్వంకర్ బాలూకి ఎదురైంది. ధార్వాడ్‌లో పుట్టిన బాలూది తోలుపని చేసే కులం. పూణేలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ ఊడ్చే పనిలో చేరాడు. దొరలకు ప్రాక్టీసు కావాలంటే బంతులు వేసేవాడు. జాకీ చాన్ వేసిన ఆ నేల తుడిచే కుర్రాడి వేషం లాంటిదే ఈ ఉద్యోగం. బంతులు వేసీ వేసీ దేశంలోనే గొప్ప బౌలరయ్యాడు. హిందువుల జట్టుకి ఆయన చేతి బంతి కావాల్సి వచ్చింది. మైదానంలో ఆయన విసిరిన తోలు బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ వేళకి మాత్రం ఆయన్ని బయట నిలబెట్టి మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకి ఆయన్ని కెప్టెన్‌ని చేయలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ ఆ పదవి దాకా చేరాడు. ఒకే బంతి ముట్టుకుని ఒకే కప్పు ముట్టుకోనివాళ్ల కంటే పెద్ద హాస్యగాళ్లు ఏ సినిమాలో ఉన్నారు?

ఇక 'షావొలిన్ సాకర్'. 2001లో హాంకాంగ్‌లో వచ్చింది. నేను కొన్నేళ్ల తర్వాత ఒక మిత్రుడి గదిలో సీడీ వేసి చూశాను. తీసినోడు, హీరో ఒక్కడే, స్టీఫెన్ చౌ. 1962లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోతే తల్లి ఒక్కతే ముగ్గురు పిల్లల్ని పెంచింది. చిన్నప్పుడు బ్రూస్ లీ సినిమా చూసి, అవుతే ఆయనలాగే అవ్వాలనుకున్నాడట. చాలాకాలం గుంపులో నిలబడే వేషాలు వేశాడు, టీవీలో పిల్లల కార్యక్రమం నడిపాడు. ఆయన హాస్యాన్ని కాంటనీస్ భాషలో 'మో లే తావ్' అంటారు. మన మాటల్లో తలా తోకా లేనిదని. తలకీ తోకకీ ఊళ్లో ఇచ్చే విలువ తెలిసినోళ్లకి, ఆ రెండూ లేని నవ్వులో ఎంత హాయి ఉంటుందో తెలుస్తుంది.

కథ చిన్నదే. ఫుంగ్ అని ఒకప్పటి గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు. డబ్బు తీసుకుని పెనాల్టీ కిక్కు పోగొడతాడు, జనం వాడి కాలు విరగ్గొడతారు. ఆ డబ్బిచ్చిన హుంగ్ పెద్ద జట్టుకి యజమాని అవుతాడు. ఫుంగ్ ఇరవై ఏళ్లు వాడి దగ్గరే ఊడిగం చేసి, చివరికి బయటికి గెంటబడతాడు. రోడ్డు మీద సింగ్ కలుస్తాడు. ఇది మన సర్దార్జీల సింగ్ కాదు, చైనా పేరు. సింగ్ షావొలిన్ విద్య నేర్చినోడు, చెత్త ఏరుకుని బతుకుతుంటాడు. వాడు ఖాళీ డబ్బాని తన్నిన తన్ను చూసి ఫుంగ్‌కి మతిపోతుంది. ఇద్దరూ కలిసి పాత గురువు దగ్గర నేర్చుకున్న అన్నదమ్ముల్ని వెతుక్కుంటూ పోతారు. ఒకడు క్లబ్బులో యజమాని చేతి దెబ్బలు తింటున్నాడు. ఒకడు హోటల్లో అంట్లు తోముతున్నాడు. ఒకడికి పనే లేదు. ఒకడు షేర్ల బేరాల్లో ఫోను వదలడు. ఇనుప తల, ఇనుప చొక్కా, ఉత్త చేయి అని విద్యల పేర్లున్నాయి గానీ ఆ విద్య ఎవడికీ కూడు పెట్టలేదు. అందరూ తమకేమీ రాదన్నట్టు తలొంచుకుని బతుకుతున్నారు.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. మా నాయనకి లంద పని వచ్చు. తంగేడు చెక్క ఎంత వేయాలో, తోలు ఎన్నాళ్లు నానాలో, వాసన చూసి చెప్పేవాడు. ఆరె పట్టుకుంటే కుట్టు మీద కుట్టు వరసలో పడేది. మాకు తోలు ముక్కలతో, లోపల పాత గుడ్డలు కుక్కి, బంతి కూడా కుట్టి ఇచ్చాడు. ఇంత విద్య ఉన్న మనిషిని ఎవరైనా నీకేం వచ్చు అనడిగితే, "నాకేమొచ్చయ్యా, కూలోణ్ణి" అనేవాడు. ఆయన చేతిలో ఉన్నది విద్య అని ఆయనకే ఎవరూ చెప్పలేదు. ఊరు దాన్ని కులం అంది.

ఆ సినిమాలో ముయ్ అనే అమ్మాయి ఉంది. వీధి కొట్టులో ఆవిరి రొట్టెలు చేస్తుంది. పిండి పిసికే ఆ చేతుల్లోనే తైచీ విద్య ఉంటుంది. సింగ్ చిరిగిన బూట్లని ఆమె కుట్టి ఇస్తుంది. గదిలో అందరూ తర్వాత వచ్చే గోలుకి కేకలేశారు. నేను ఆ కుట్టు దగ్గరే ఆగిపోయాను. గాలిని చీల్చే కాలైనా సరే, ఎవరో ఒకరు చెప్పు కుట్టి ఇస్తేనే మైదానం ఎక్కుతుంది. చెప్పు కుట్టినోళ్లని ఏ సినిమా ఇంత ప్రేమగా చూసిందో నాకు గుర్తులేదు.

మొదటి ఆట మరీ ఘోరం. అవతలి జట్టు రౌడీలు. నిక్కర్లలో సుత్తులు, పానాలు దాచుకుని వచ్చి చావబాదుతారు. తల మీద కట్‌డ్రాయరు పెట్టుకోమంటారు. ఈ అన్నదమ్ములు పాకుతారు, ఏడుస్తారు. అది చూసి నవ్వాలో లేదో తెలియదు. ఇంక పోవడానికి పరువు కూడా మిగలని ఆ చోట, ఒక్కొక్కడి ఒంట్లో మర్చిపోయిన విద్య లేచి నిలబడుతుంది. ఆ తర్వాత వచ్చే నవ్వు వేరు. ఇంతసేపూ పడ్డవాణ్ణి చూసి నవ్వినవాళ్లం, ఇప్పుడు తన్నినోళ్లు ఎగిరిపడుతుంటే నవ్వుతాం. హాంకాంగ్ జనం ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నారు. అప్పటిదాకా అక్కడి సొంత సినిమాల్లో దానంత డబ్బు చేసింది లేదు, సుమారు 6 కోట్ల హాంకాంగ్ డాలర్లు. 2002లో హాంకాంగ్ సినిమా అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు వచ్చాయి.

మన తెలుగులోనూ కిక్ బాక్సింగ్ సినిమాలు వచ్చాయి. 1999లో 'తమ్ముడు', 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'. రెండూ చూశాను, ఈలలు కూడా వేశాను. కానీ అక్కడ పోటీ అన్న కోసమో తండ్రి కోసమో, ఇంటి పరువు కోసం. మన సినిమాలో కామెడీ చూడండి. చెంపదెబ్బ ఎప్పుడూ పైనుంచి కిందికే. యజమాని నౌకర్ని కొడతాడు, హీరో పక్కనున్నోణ్ణి కొడతాడు. కొట్టించుకున్నోడి రంగు, యాస, తిండి కూడా నవ్వులాటే. ఆ చెయ్యి ఒక్కసారి కూడా కింద నుంచి పైకి లేవదు. నవ్వులో కూడా ఊరూ వాడా ఉన్నాయి.

అట్లాగని హాంకాంగ్ సినిమాని గుడ్డిగా మొయ్యమని నేనడం లేదు. ముయ్ ముఖం మీద మొటిమల్ని చూపించి నవ్విస్తారు. లావుగా ఉన్న తమ్ముణ్ణి చూపించి నవ్విస్తారు. చివరి ఆటలో ముయ్ గుండు చేయించుకుని గోలు కాయడానికొచ్చి జట్టుని కాపాడినా, అంతసేపూ ఆమె ముఖం మీద పడ్డ నవ్వు వెనక్కి పోదు. కింద ఉన్నోళ్ల సినిమా కూడా తనకంటే కింద ఒకరిని వెతుక్కుంటుంది. మగవాళ్లం మనం ఈ మాట మన ఉద్యమంలో కూడా చెప్పుకోవాలి. ఇంకోటి, తీగలు కట్టి, కంప్యూటర్లో మంటలు పుట్టించి గెలిపించిన ఆట అది. బయట మైదానంలో సెలెక్షన్ కమిటీ ఉంటుంది, దాన్ని తన్నడానికి ఇనుప కాలు చాలదు. ఆ తమ్ముడి అనుమానంలో ఇంతవరకు నిజముంది.

అయినా అదే 2001లో నాగపూర్‌లో ఏం జరిగిందో చూడండి. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్న ఊరు అది. అక్కడ విజయ్ బర్సే అనే స్పోర్ట్స్ మాస్టారు, మురికివాడ పిల్లలు వానలో విరిగిన బకెట్టుని తన్నుతూ ఆడటం చూసి వాళ్లతో ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. స్లమ్ సాకర్ అట్లా పుట్టింది. హాంకాంగ్ తెర మీద సింగ్ డబ్బాని తన్నిన ఏడే, మన నేల మీద పిల్లలు బకెట్టుని తన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. బంతి లేనోళ్ల కాళ్లు ఎక్కడైనా ఒకటే. ఆ కథని 2022లో మన నాగరాజ్ మంజులే 'ఝుండ్' అని తీశాడు. 2021లో పా. రంజిత్ 'సార్పట్ట పరంబరై' తీస్తే, ఉత్తర మద్రాసు బాక్సింగ్ గోదాలో డాన్సింగ్ రోజ్ అనే బాక్సర్ గంతులేస్తూ, ఊగుతూ, ఆటపట్టిస్తూ కొట్టే తీరుకి జనం వెర్రెత్తిపోయారు. పక్క రాష్ట్రాల్లో మనవాళ్లు కెమెరా పట్టుకున్నారు, ఆట కూడా పట్టుకున్నారు.

'షావొలిన్ సాకర్' మొదట్లో ఒకామె అరటితొక్క మీద కాలేసి జారి పడుతుంది. ప్రపంచంలో నవ్వించే సినిమాలన్నిటికీ అది ముత్తాత లాంటి జోకు. కుంగ్‌ఫూ వస్తే పడేది కాదు కదా అంటాడు సింగ్. ఎవరూ పట్టించుకోరు. సినిమా చివర్లో విద్య ఊరందరిదీ అవుతుంది. ఒకామె మళ్లీ అరటితొక్క మీద జారుతుంది, గాల్లో పల్టీ కొట్టి నిలబడి తన దారిన తాను పోతుంది. విద్య ఒక ఇంటి సొత్తుగా, ఒక కులం సొత్తుగా ఉన్నంతకాలం జారినోడు పడాల్సిందే, చూసినోడు నవ్వాల్సిందే. అందరిదీ అయిన రోజున పడటం కూడా ఒక విద్యే అవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కన్నీళ్ల కథలు రాయండి, రాయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. వాటితోపాటు ఏడుగురు పిల్లలు ఒక్క చేతికి జడిసి గీత దాటి అవుటైన కథ కూడా రాయండి. వేపచెట్టు కింద మీ అమ్మలు ఆసామిని ఎట్లా నడిపించారో రాయండి. కెమెరా దొరికితే తీయండి. ఆరె పట్టిన చేయి, పార పట్టిన చేయి, పిండి పిసికిన చేయి, డప్పు మీద దరువేసిన చేయి అన్నీ కలిపి ఒక జట్టు కట్టి, ఊరి నడిబొడ్డున ఆడించి, జనం విరగబడి నవ్వేట్టు తీయండి. నేల టికెట్టు కొనుక్కుని ముందు వరసలో నేను కూర్చుంటాను.